ఎంఎం 540 జీపుకి వెనక డోర్ కట్టించాలి, స్టెప్నీ దాని మీదే వేయొచ్చా?

దుప్పట్ల జీపు, నర్సీపట్నం:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540 ఉంది. ఇంజన్ ఇంకా ఆ పాత పెజో డీజిలే, 2112 సీసీ, మార్చలేదు. నాన్నగారు వాడిన బండి. దుప్పట్లు, స్వెటర్లు, మంకీ క్యాపులు వేసుకుని చింతపల్లి, జీకే వీధి (గూడెం కొత్తవీధి) వైపు వారపు సంతలకి తిరుగుతుంటాను.

వెనక కంపెనీ టెయిల్ గేటే ఉంది, రెండు గొలుసుల మీద కిందికి వాలే రకం. దాని పైన రెక్సిన్ పరదా, బెల్టులు. తారురోడ్డు మీద ఉన్నంతసేపూ పరవాలేదు. లోపలి ఊళ్ళ మట్టిరోడ్డు ఎక్కామా, ఎర్రదుమ్మంతా వెనక నుంచి లోపలికే. సరుకుకి పాలిథిన్ కవర్లు తొడిగినా సన్నదుమ్ము దూరుతోంది. తెల్ల దుప్పటి కొనేవాడు లేడు. వానాకాలం గురించి చెప్పక్కర్లేదు. వీటికి తోడు పొగ. మా ఇంటావిడ వెనక కూర్చుంటే ఘాట్ ఎక్కేలోపు తలనొప్పి, వాంతులు.

ఇక్కడి వెల్డింగ్ షాపు ఆయన్ని అడిగితే టెయిల్ గేట్ తీసేసి ఒకే పెద్ద డోర్ కట్టేస్తానన్నారు. రెండువైపులా 16 గేజ్ రేకు, ఎడమవైపు బందులు, మధ్యలో స్టెప్నీ. రెండు రోజుల పని అట. స్టెప్నీ ఇప్పుడు బాడీ పక్కన వేలాడుతోంది. ఘాట్‌లో బస్సుకి సైడ్ ఇచ్చినప్పుడల్లా నాకు టెన్షన్, అందుకే వెనక్కి మార్చాలని ఆశ.

వెనక ఖాళీ కొలిచాను. వెడల్పు 36 అంగుళాలు, ఫ్లోర్ నుంచి టాప్ కమ్మీ దాకా 42. రేకు ఎంత మందం వేయించాలి, బందులు ఎటువైపు, లాక్ ఏది, స్టెప్నీ సంగతేమిటి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గుంటూరు గ్యారేజ్:

బ్రో, ఇంత కష్టం ఎందుకు? హర్యానాలో మండీ డబ్వాలీ అని ఊరుంది, జీపుల పనికి పేరు. అక్కడి నుంచి రెడీమేడ్ డోర్ ట్రాన్స్‌పోర్ట్‌లో వచ్చేస్తుంది. మన దగ్గర కూర్చోబెట్టుకోవడమే.

రేకుల మేస్త్రి, విజయవాడ ఆటోనగర్:

కొత్త బాడీకి రెడీమేడ్ డోర్ అయితే సరే. ముప్పై ఏళ్ళు అడవిలో తిరిగిన 540కి వెనక ఖాళీ ఏ రెండు బండ్లకీ ఒకేలా ఉండదు. పైన ఒకలా, కింద ఒకలా. వచ్చిన డోర్‌ని కోసి సరిచేసే కూలితో ఇక్కడే కొత్తది చేయించుకోవచ్చు.

దుప్పట్ల జీపు గారూ, మీ షాపాయన డోర్ గురించి అంతా చెప్పారు. అది దేనికి తగిలించాలో మాత్రం చెప్పలేదు. ఇంటికైతే ద్వారబంధం నిలబెట్టాకే తలుపు చేయిస్తాం. జీపు దగ్గరికొచ్చేసరికి అందరూ ముందు తలుపు చేయించేసి, ఎక్కడ వేలాడదీయాలా అని తర్వాత చూస్తారు.

540 బాడీ పైకప్పు లేని రేకుతొట్టి. కారుకి పైన టాప్ అంతా కలిపి పట్టుకుంటుంది, దీనికి ఆ బలం లేదు. ఒక చక్రం రాయి ఎక్కితే కింద ఛాసిస్ మెలి తిరుగుతుంది. అలా తిరగాలనే దాన్ని అలా చేశారు. తొట్టి కూడా దాంతో కొంచెం తిరుగుతుంది. వెనక నాలుగో గోడ లేదు కాబట్టి ఆ కదలిక ఎక్కువగా తేలేది మీరు డోర్ పెడతానంటున్న చోటే. ఇన్నాళ్ళూ అక్కడున్న టెయిల్ గేట్ గొలుసుల మీద, వదులు గొళ్ళేల మీద ఉంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. అదే చోట బిగువైన డోర్ కూర్చోబెడితే ఆ మెలి అంతా బందుల దగ్గర పడుతుంది. ముందు డోర్ పట్టేస్తుంది. తర్వాత మూలన రేకు చీలుతుంది. నా దగ్గరికి వచ్చే జీపు డోర్ రిపేర్లలో డోర్ చెడిపోయినవి తక్కువ, దాని పక్కన బాడీ చిరిగినవే ఎక్కువ.

అందుకని ఈ పని చేయండి, ఖర్చు లేదు. చదునైన సిమెంటు నేల మీద బండి ఆపి, గాలి నాలుగు టైర్లలో సరిగ్గా ఉందో లేదో చూసుకుని, వెనక ఖాళీకి రెండు అడ్డమూలల కొలత తీయండి. పై ఎడమ నుంచి కింది కుడికి ఒకటి, పై కుడి నుంచి కింది ఎడమకి ఒకటి. రాసుకోండి. ఇప్పుడు ముందు ఎడమ చక్రాన్ని అరడుగు ఎత్తు దిమ్మ మీద ఎక్కించి మళ్ళీ కొలవండి. ముందు రాసుకున్నదానికీ దీనికీ తేడా ఒక నూలు లోపు ఉంటే మీ బాడీ గట్టిది. రెండు నూళ్ళు దాటితే ద్వారబంధం లేకుండా డోర్ మాట ఎత్తొద్దు. (కుర్రాళ్ళ కోసం: ఎనిమిది నూళ్ళు ఒక అంగుళం, అంటే నూలుకి మూడు మిల్లీమీటర్ల చిల్లర.)

ద్వారబంధం ఎలాగంటే, అంగుళంన్నర చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందంది, తలకిందుల యూ ఆకారంలో. కాళ్ళ కింద నాలుగంగుళాల పలకలు, 4 మిల్లీమీటర్ల ప్లేటు. అవి తొట్టి ఫ్లోర్ మీద కూర్చోవాలి. ఫ్లోర్ కింద నుంచి అంతే సైజు ప్లేటు పెట్టి బోల్టులతో బిగించాలి. పలచని రేకుకి నేరుగా వెల్డ్ కొడితే వెల్డ్ నిలుస్తుంది, దాని అంచున రేకు తెగుతుంది. యూకి రెండు పక్కలా చక్రాల మడ్‌గార్డ్ పెట్టెల మీదికి ఏటవాలు సపోర్టు ఒక్కొక్కటి. రోల్ బార్ (బోల్తా పడితే కాపాడే కమాను పైపు) ఉంటే దానికి కూడా కలపండి. ముందు అద్దం ఫ్రేముకి మాత్రం కట్టొద్దు, అది మడిచే రకం.

చాలామంది చేసే ఇంకో పని, బలం కోసమని ఆ కాళ్ళని కిందికి దించి ఛాసిస్‌కి వెల్డ్ చేయడం. ఛాసిస్‌కీ బాడీకీ మధ్య రబ్బరు బుష్షులు ఎందుకున్నాయి? అవి రెండూ వేరువేరుగా కదలాలని. కాళ్ళు ఛాసిస్‌కి కట్టేస్తే రబ్బరు పని పోయి కదలికంతా మీ కొత్త పైపే లాక్కుంటుంది. బాడీది బాడీకే కట్టాలి.

బందులు కుడివైపు వేయించండి. మనం రోడ్డుకి ఎడమవైపు ఆపుతాం. ఎడమవైపు బందులుంటే తెరిచిన డోర్ రోడ్డు వారకి అడ్డం నిలబడుతుంది, మీరు సరుకు పట్టుకుని లారీలొచ్చే వైపు నుంచి తిరిగి రావాలి. బందుల మధ్య దూరం ఎంత వీలైతే అంత. లెక్క చూడండి. డోర్ బరువు 20 కిలోలు, ఆ బరువు మధ్యబిందువు బందుల నుంచి 18 అంగుళాల దూరంలో ఉంటుంది. రెండు బందుల మధ్య 30 అంగుళాలుంటే డోర్ తెరిచి ఉన్నప్పుడు పై బందుని బయటికి లాగే బలం 12 కిలోలు. అదే 15 అంగుళాల దూరంలో పెడితే 24. ఇది నిలబడి ఉన్నప్పటి లెక్క, గతుకులో దీనికి ఎన్నో రెట్లు. మూడు బందులు పెడితే బలమని కొందరు పెడతారు. మూడింటి పిన్నులూ ఒకే గీతలో లేకపోతే మూడోది మిగతా రెంటితో కొట్లాడుతూనే ఉంటుంది. మూడే కావాలంటే ఒకే పొడుగు కడ్డీ మూడు బందుల్లోంచి దూర్చి ఉంచి అప్పుడు టాకాలు (చిన్న చుక్క వెల్డ్‌లు) వేయాలి.

రేకు. రెండువైపులా 16 గేజ్ వద్దు. మీ కొలతకి కిటికీ తీసేయగా మిగిలేది 0.7 చదరపు మీటరు. ఇనుము మిల్లీమీటరు మందానికి చదరపు మీటరు 7.85 కిలోలు. 16 గేజ్ అంటే 1.6 మిల్లీమీటర్లు, ఒక పొరకి తొమ్మిది కిలోలు, రెండు పొరలకి పద్దెనిమిది. పైపు, అద్దం కలవకముందే. బయట ఒక్క పొర 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు, 1.2 మిల్లీమీటర్లు, చాలు. ఆరున్నర కిలోలు. లోపలి ఫ్రేము అంగుళం చదరపు పైపు, ఆరు మీటర్లు పడుతుంది, ఏడు కిలోలు. 5 మిల్లీమీటర్ల అద్దం మూడున్నర. బందులు, లాకు, రబ్బరు మూడు. అదే ఇరవై. లోపలివైపు ప్లైవుడ్డో రెక్సినో వేసుకోండి.

జీఐ (జింకు పూత) రేకు తుప్పు పట్టదని కొందరు అదే అడుగుతారు. వెల్డ్ చేసిన చోట జింకు ఎలాగూ కాలిపోతుంది, ఆ తెల్లపొగ పీల్చిన కుర్రాడికి రాత్రికి చలిజ్వరం. వద్దు.

వెల్డింగ్ సీఓటూ గ్యాస్ మెషిన్ ఉన్నచోటే చేయించండి. ఆర్క్‌తో (మామూలు రాడ్ వెల్డింగ్‌తో) పైపులు అతకొచ్చు, 18 గేజ్ రేకు మీద ఆర్క్ పెడితే అలలు వస్తాయి, తర్వాత కిలోల కొద్దీ లప్పం పెట్టి దాస్తారు. సీఓటూ అయినా ఒక అంగుళం కొట్టి, ఎదురు మూలకి వెళ్ళి ఇంకో అంగుళం కొట్టాలి. అసలు రేకు అంచులు ఫ్రేము మీదికి మడిచి, పీయూ సీలెంట్ (సందులు మూసే జిగురు) పెట్టి, అక్కడక్కడ మాత్రమే వెల్డ్ వేస్తే ఇంకా మంచిది. రేకు చదునుగా ఉంటుంది, చప్పుడు రాదు.

కూర్చోబెట్టే వరుస ముఖ్యం. ముందు ద్వారబంధం, పూర్తిగా బిగించి. తర్వాత దానిలోపల కొలిచి డోర్ ఫ్రేము. చుట్టూ 5 మిల్లీమీటర్ల చెక్కముక్కలు దోపి డోర్‌ని ఖాళీలో నిలబెట్టి, అది అలా నిలబడి ఉండగానే బందులకి టాకాలు. తెరిచి మూసి చూసి, దిమ్మ మీద చక్రం ఎక్కించి మళ్ళీ తెరిచి మూసి చూసి, అప్పుడే పూర్తి వెల్డ్. లాకు ఎదురు కొక్కెం అన్నిటికన్నా చివర, కోలగా ఉన్న రంధ్రాలతో, అటూ ఇటూ జరుపుకునేలా.

రబ్బరు బీడింగ్ లోపల బోలుగా ఉండేది తీసుకోండి. 12 మిల్లీమీటర్లది మూసినప్పుడు 7కి నొక్కుకోవాలి. ఆ 7 ఎక్కడినుంచి వస్తుందో డోర్ చేసేటప్పుడే అనుకోకపోతే, చివరికి రబ్బరు పెట్టాక డోర్ పడదు, లేదా దుమ్ము ఆగదు.

మిగిలింది పొగ. డోర్‌తో పొగ పోతుందని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. డబ్బా ఆకారం బండి ముందుకెళ్తుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గి, పొగనీ దుమ్మునీ అదే లోపలికి పీలుస్తుంది. రబ్బరు బాగుంటే డోర్ దగ్గర ఆగుతుంది, కానీ ఫ్లోర్‌లో పాత బోల్టు రంధ్రాలు, పెడల్ సందులు తెరిచే ఉంటే అక్కడినుంచి వస్తుంది. సైలెన్సర్ గొట్టం చివర బాడీ అంచు దాటి బయటికి వచ్చిందో లేదో ఈ రోజే వంగి చూడండి. తుప్పు పట్టి లోపలే తెగిపోయి ఉంటే డోర్ కన్నా ముందు అది మార్పించాలి. మీ ఇంటావిడ తలనొప్పి కార్బన్ మోనాక్సైడ్ వల్ల కావచ్చు, దానికి వాసన కూడా ఉండదు.

స్టెప్నీ డోర్ మీద వద్దు.

ఘాట్ రోడ్, పాడేరు:

మేస్త్రి గారూ, అంతా ఒప్పుకుంటాను, స్టెప్నీ దగ్గర ఒప్పుకోను. నా జీపుకి డోర్ మీదే ఉంది, ఏళ్ళ తరబడి తిరుగుతున్నా ఏమీ కాలేదు. కొత్త జీపుల్లో చాలావాటికి వెనక డోర్ మీదే ఇస్తున్నారు కదా.

రేకుల మేస్త్రి, విజయవాడ ఆటోనగర్:

కొత్త బండ్లకి ఆ డోర్ వెనక మూల స్తంభం పైకప్పు దాకా ఒకటే పెట్టెలా ఉంటుంది. బందులు ఆ బరువు లెక్కేసి చేసినవి. మనది తొట్టి మీద పైపు. 6.00-16 టైరు డిస్కుతో పాటు పాతిక కిలోల దాకా, దానికి బ్రాకెట్టు మూడు. పైన చెప్పిన 12 కిలోల లాగుడు కాస్తా 29 అవుతుంది. పైగా చక్రం డోర్ రేకు నుంచి జానెడు బయటికి ఉంటుంది కాబట్టి గతుకులో కిందికీ పైకీ ఊపుతుంది. మీ బండి తారురోడ్డు మీద తిరుగుతుందా, మట్టిలోనా?

ఘాట్ రోడ్, పాడేరు:

ఎక్కువ తారే లెండి.

రేకుల మేస్త్రి, విజయవాడ ఆటోనగర్:

మరి ఆయన మట్టిలో తిరుగుతారు. మీది నడుస్తోంది కాబట్టి కదిలించకండి. డోర్ మూసినప్పుడు బరువు లాకు మీద కాకుండా రబ్బరు దిమ్మ మీద కూర్చుంటోందో లేదో చూసుకోండి చాలు.

దుప్పట్ల జీపు, నర్సీపట్నం:

మేస్త్రి గారూ, చాలా కృతజ్ఞతలు. చెప్పినట్టే కొలిచాను. నేల మీద అడ్డమూలలు రెండూ ఒక నూలు తేడాలో ఉన్నాయి. చక్రం దిమ్మ మీద ఎక్కిస్తే తేడా మూడు నూళ్ళు దాటింది! సైలెన్సర్ గొట్టం కూడా చూశాను. చివరి జానెడు లేదు. ఇన్నాళ్ళూ పొగ బాడీ కిందే వదులుతోంది. మార్పించేశాను.

ఇంకో మాట. డోర్ పక్కకి తెరుచుకుంటే సంతలో ఎలాగా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. టెయిల్ గేట్ కిందికి వాల్చి దాని మీదే దుప్పట్లు పరిచి అమ్ముతాను నేను. వేరే బల్ల తీసుకెళ్ళను. పెద్ద డోర్ పెడితే ఆ బల్ల పోయినట్టే కదా?

రేకుల మేస్త్రి, విజయవాడ ఆటోనగర్:

ఇది మొదటే చెప్పాల్సిన మాట బాబూ! మీకు పెద్ద డోర్ అక్కర్లేదు.

టెయిల్ గేట్‌ని అలాగే ఉంచండి. గొలుసులు మాత్రం కొత్తవి వేయించి, రెక్సిన్ గొట్టం తొడిగించండి, లేకపోతే సరుకుకి గ్రీజు. దాని పైన సగం, అంటే 22 అంగుళాల ఎత్తో ఎంతో ఉంటుంది, పైకి లేచే అద్దం డోర్ కట్టించండి. ద్వారబంధం సంగతిలో ఏమీ మారదు, ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇప్పుడు బందులు యూ పైకమ్మీకి వస్తాయి. మూడు నూళ్ళ మెలి ఉన్న బాడీకి ఇదే మేలు కూడా. పైసగం, కిందిసగం వేరువేరు ముక్కలు కాబట్టి మెలి కొంత వాటి మధ్య సందులో పోతుంది.

పై డోర్ కింది అంచు టెయిల్ గేట్ మీద బయటివైపుకి అంగుళం దిగాలి, లోపలికి కాదు. అప్పుడు వాన నీళ్ళు బయటికే జారతాయి. రెండింటి మధ్య రబ్బరు టెయిల్ గేట్ అంచుకి తొడగండి, పై డోర్‌కి కాదు. సంతలో దుప్పట్లు లాగుతుంటే అంచు గీసుకోదు. టెయిల్ గేట్ పక్కలకి ఇప్పుడున్న గొళ్ళేలు వదులుగా ఉంటాయి. వాటి స్థానంలో లాగి పడేసే క్లిప్పులు, లారీ టూల్ బాక్సులకి వేసేవి, రెండు వైపులా ఒక్కొక్కటి. అవి రబ్బరుని నొక్కి పట్టుకుంటాయి. దుమ్ము ఆగేది అక్కడే.

పైకి లేచే డోర్‌కి గ్యాస్ షాకులు (తెరిచిన డోర్‌ని పైన నిలిపి ఉంచే గ్యాస్ గొట్టాలు) రెండు. మీ డోర్ పది కిలోల దగ్గర ఉంటుంది, 150 న్యూటన్ల జత దగ్గరగా సరిపోతుంది, కానీ కొనేముందు పూర్తయిన డోర్‌ని కాటా మీద పెట్టి బరువు చూసి, షాకు ఎక్కడ తగులుతుందో కొలత చెప్పి కొనండి. డోర్ మూసినప్పుడు సన్నకడ్డీ వైపు కిందికి ఉండాలి. లోపలి నూనె సీలు మీద నిలిచి ఎక్కువ కాలం వస్తుంది. మీరు లంబసింగి మీదుగా తెల్లవారుజామున వెళ్తారు కదా, చలిలో లోపలి గ్యాస్ ఒత్తిడి తగ్గుతుంది. మధ్యాహ్నం బాగా నిలబడిన డోర్ పొద్దున నెత్తిమీద పడొచ్చు. కాబట్టి ఒక ఊతకడ్డీ, పాత కార్ల బానెట్‌కి ఉండేలాంటిది, తప్పకుండా పెట్టించండి. బేరాలాడేవాళ్ళందరూ దాని కిందే నిలబడతారు.

స్టెప్నీకి ఇప్పుడు చోటే లేదు, గొడవ వదిలింది. పక్కనే ఉంచండి, లేదా లోపల ముందు సీటు వెనక నిలబెట్టి బెల్టు వేయండి.

ఫైళ్ళ మనిషి, విశాఖపట్నం:

పని మొదలుపెట్టేముందు కాగితాల సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చే మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మీ ఆర్‌సీలో బాడీ రకం దగ్గర ఏముందో చూడండి. సాఫ్ట్ టాప్ అని ఉంటే, పైకప్పంతా రేకుతో మూసేస్తే అది స్పష్టంగా మార్పే. వెనక అద్దం డోర్ ఒక్కటైనా ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, చెప్పింది కాగితం మీద రాయించుకోవడం మంచిది. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ ఆపడానికి ఈ ఒక్క కారణం చాలు.

అద్దం విషయంలో ఇంకోటి. సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో 100వ నిబంధన ప్రకారం సేఫ్టీ గ్లాసే వాడాలి. ముందు, వెనక అద్దాల్లోంచి వెలుతురు 70 శాతానికి తగ్గకుండా రావాలి. ఎండ అని నల్ల ఫిల్మ్ వేయించకండి, 2012లో సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది.

మేస్త్రి గారి బోల్టుల పద్ధతి ఇందుకు కూడా మంచిదే. ఎవరైనా అభ్యంతరం పెడితే విప్పి పక్కన పెట్టొచ్చు.

రేకుల మేస్త్రి, విజయవాడ ఆటోనగర్:

ఈ అన్నగారు చెప్పింది నిజం. అద్దం గురించి నాదీ ఒక మాట. కిటికీల షాపులో దొరికే మామూలు అద్దం పెట్టొద్దు, పగిలితే కత్తుల్లా వస్తుంది. టఫెన్డ్ గ్లాస్ చేయించాలి. అది ఒకసారి తయారయ్యాక కోయడానికి, చిల్లు పెట్టడానికి కుదరదు. కాబట్టి డోర్ ఫ్రేము పూర్తయ్యి, రంగు కూడా అయ్యాక, అట్టముక్కతో నమూనా కత్తిరించి, రబ్బరు ఛానెల్ మందం తీసేసి, ఆ అట్ట పట్టుకుని అద్దాల షాపుకి వెళ్ళండి. టేపు కొలతలు ఫోన్‌లో చెబితే మూలల గుండ్రం తేడా వస్తుంది. అద్దం మూలలో కంపెనీ ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి, ఫిట్‌నెస్ అప్పుడు చూసేది అదే.

దుప్పట్ల జీపు, నర్సీపట్నం:

అర్థమైంది మేస్త్రి గారూ. చివరిగా రెండు సందేహాలు. సెలవుల్లో పిల్లలు వెనక ఎక్కుతారు, లోపల్నుంచి తెరిచే హ్యాండిల్ పెట్టాలా, వద్దా? నడుస్తుంటే తెరిచేస్తారని ఇంట్లో భయం. ఇంకొకటి, పెయింట్ ఇక్కడే వేయించొచ్చా?

రేకుల మేస్త్రి, విజయవాడ ఆటోనగర్:

లోపలి హ్యాండిల్ పెట్టాల్సిందే. బండి బోల్తా పడితేనో, మంట అంటుకుంటేనో వెనకున్నవాళ్ళకి ఉన్న దారి అదొక్కటే. పిల్లల భయానికి హ్యాండిల్ పైన, పెద్దవాళ్ళ చేతికందే ఎత్తులో పెట్టి, ముందు లాగి తర్వాత తిప్పే రకం వేయించండి. లాకు కొత్తది కొనక్కర్లేదు. పాత సుమో, బొలేరో వెనక డోర్ల లాకులు తుక్కు మార్కెట్లో దొరుకుతాయి. రెండు మెట్లలో పడే రకం చూసి తీసుకోండి. పూర్తిగా పడిన రెండో మెట్టు జారినా మొదటిది పట్టుకుంటుంది.

పెయింట్ అక్కడే వేయించండి. కాకపోతే పెయింట్ కన్నా ముందు పైపుల కింది అంచుల్లో నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టించండి, నీళ్ళు దిగిపోవడానికి. మూసేసిన చదరపు పైపులో చెమ్మ చేరితే లోపల్నుంచి తింటుంది, బయట రంగు తళతళలాడుతూనే ఉంటుంది. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేసి వదిలేయకుండా దాని మీద పై రంగు పూర్తిగా వేయించండి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే నీటిని ఆపలేదు. పైపుల లోపలికి ఆ రంధ్రాల్లోంచి వ్యాక్స్ స్ప్రే కొట్టించండి.

వెల్డింగ్ రోజున బ్యాటరీ రెండు టెర్మినల్సూ విప్పండి, అర్థింగ్ క్లిప్పు వెల్డ్ చేసే ముక్కకే పెట్టమనండి. ఛాసిస్‌కి పెడితే కరెంటు బేరింగుల్లోంచి దారి వెతుక్కుంటుంది. రెక్సిన్ టాప్ విప్పి ఇంట్లో పెట్టేయండి, దుప్పట్లు ఒక్కటి కూడా బండిలో ఉండకూడదు. ద్వారబంధం బిగించాక మళ్ళీ దిమ్మ మీద ఎక్కించి అడ్డమూలలు కొలిచి ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టండి. ఒక నూలు లోపు వస్తేనే డోర్ ఫ్రేము కోయమనండి.